బొమ్మ బాగుంది, ఎవరిది? ముఖం గీసి రంగు వేసే పద్ధతి

పదో తరగతిలో ఉండగా మా తాత బొమ్మ గీశాను. మూడు రోజులు కూర్చుని, మీసంలో ఒక్కో వెంట్రుకా దిద్ది, తీసుకెళ్లి అవ్వకు చూపించాను. ఆమె కళ్లజోడు సవరించుకుని, కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి, చాలాసేపు చూసింది. "బాగుంది నాయనా, ఎవరీయన?" అంది.

ఇప్పుడు నెల్లూరులో ఆదివారాలు మా వరండాలో పిల్లలకూ పెద్దలకూ బొమ్మలు నేర్పుతుంటాను. వచ్చేవాళ్లదీ, ఫోన్ చేసేవాళ్లదీ ఒకటే గోడు. "కన్ను బాగానే వస్తోంది సార్, ముక్కూ వస్తోంది, అన్నీ కలిపితే మనిషి రావడం లేదు." రెండోది రంగు సంగతి. "పెన్సిల్ వరకూ బాగుంటోంది, రంగు వేయగానే పాడవుతోంది." ఈ రెంటికీ చెప్పిందే చెప్పలేక ఇది రాస్తున్నాను. థియరీ ఎక్కువ ఉండదు. పక్కన కాగితం పెట్టుకుని చదవండి.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం పట్టుకోండి. పోలిక ఉండేది కంటికీ ముక్కుకీ నోటికీ మధ్య దూరాల్లో. ఆత్మకూరు బస్టాండులో అంత జనంలోనూ మన బావను దూరం నుంచే గుర్తుపడతాం. అక్కడి నుంచి ఆయన కనురెప్పలు కనిపిస్తాయా? నేను తాత మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టాను గానీ, ముక్కు కొసకీ పెదవికీ మధ్య ఎంత ఎడముందో ఒక్కసారి కూడా కొలవలేదు.

ఏమేం కావాలి

హెచ్‌బీ, 2బీ, 6బీ పెన్సిళ్లు ఒక్కోటి. బీ ముందు అంకె పెరిగేకొద్దీ గీత నల్లగా వస్తుంది. పెద్ద సెట్టు కొనక్కర్లేదు, మిగతావి డబ్బాలోనే ఉండిపోతాయి. మామూలు రబ్బరు ఒకటి, పిండిలా పిసికే పుట్టీ రబ్బరు ఒకటి. పుట్టీ రబ్బరుతో రుద్దకూడదు, అద్దాలి. మరీ నల్లబడిన చోట అద్ది తీస్తే పొడి దానికంటుకుని ఆ చోటు తేలికపడుతుంది. బొమ్మలు గీసే మందపాటి కాగితం, అంటే కార్ట్రిడ్జ్ పేపర్, ఏ4 సైజు, 150 జీఎస్‌ఎం దగ్గర్లో ఉంటే మంచిది (అది కాగితం బరువు లెక్క, అంకె పెరిగేకొద్దీ కాగితం మందం). జిరాక్స్ కాగితం మీద కొలతలు ప్రాక్టీస్ చేసుకోవచ్చు గానీ, రంగు పెన్సిల్ రెండు మూడు పూతలకే దాని మీద జారిపోతుంది. 24 రంగుల పెన్సిల్ డబ్బా. స్కేలు. చేతి అద్దం, దేనికో తర్వాత చెప్తాను. చెవులు శుభ్రం చేసుకునే ఇయర్‌బడ్స్ నాలుగు.

ఇంకోటి, చెయ్యి కింద పెట్టుకోవడానికి ఒక తెల్ల కాగితం. ఇది చిన్న విషయం అనుకుని వదిలేస్తారు. మన వైపు ఉక్కకు అరచెయ్యి ఎప్పుడూ చెమర్చే ఉంటుంది. ఆ చెయ్యి బొమ్మ మీద ఆనితే గ్రాఫైట్, అంటే పెన్సిల్ పొడి, అంతా చెంప మీదికి పాకుతుంది, తడి తగిలిన చోట తర్వాత రంగు సరిగా పట్టదు.

ఫొటో ఎలాంటిది ఉండాలి

సెల్ఫీ చూసి గీయొద్దు. ఫోను ముఖానికి అంత దగ్గరగా ఉంటే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. మీరు ఎంత జాగ్రత్తగా గీసినా ఆ వంకర బొమ్మలోకి వస్తుంది. మనిషిని ఆరడుగుల దూరంలో కూర్చోబెట్టి, కొంచెం జూమ్ చేసి తీయండి. బ్యూటీ మోడ్ ఆపేయండి. అది ముఖం మీది నీడలు తుడిచేస్తుంది, మనకు కావాల్సింది ఆ నీడలే.

మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే కళ్లు గుంటలవుతాయి. గదిలో నడినెత్తిన ట్యూబ్‌లైటు ఉంటే ముఖం అప్పడంలా చదునవుతుంది. పొద్దున ఎనిమిదిలోపు గానీ, సాయంత్రం నాలుగున్నర దాటాక గానీ, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. వెలుతురు ఒక పక్క నుంచే పడాలి. ఫొటోలో ఒక చెంప వెలుగులో, ఒక చెంప నీడలో ఉందంటే సగం పని అయినట్టే.

ఆగస్టు 23 దగ్గరపడిందంటే ఒంగోలు వైపు పిల్లలు టంగుటూరి ప్రకాశం పంతులు బొమ్మ ఎలా గీయాలని అడుగుతారు. నవంబరు 1 వస్తే మా వైపు పిల్లలు పొట్టి శ్రీరాములు బొమ్మ అడుగుతారు. గీయండి, కాదనను. కానీ ఇంటర్నెట్లో దొరికే పాత ఫొటోలు చాలావరకు అరిగిపోయి, నలుపూ తెలుపూ తప్ప మధ్య ఛాయలు లేకుండా ఉంటాయి. నీడ ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గిందో వాటిలో తెలియదు. మొదటి నాలుగైదు బొమ్మలకు ఇంట్లో మనిషే మేలు. అనుమానం వస్తే పిలిచి, ముఖం ఇటు తిప్పమని అడగొచ్చు.

ఇక గీద్దాం

1. గుడ్డు ఆకారం. హెచ్‌బీ పెన్సిల్‌తో, గీత కనీ కనపడనట్టు, వెడల్పు వైపు పైకి ఉండేలా గుడ్డు గీయండి. ఎత్తు 15 సెంటీమీటర్లు, వెడల్పు 10. ఈ అంకెలు ఎందుకంటే, వీటితో లెక్కలన్నీ తేలిగ్గా తెగుతాయి. నెత్తి నుంచి గడ్డం వరకూ మధ్యలో ఒక నిలువు గీత వేయండి.

2. అడ్డగీతలు. స్కేలు సున్నాను నెత్తి మీద పెట్టి కిందికి కొలవండి. 1.5 దగ్గర జుట్టు మొదలు. 6 దగ్గర కనుబొమ్మలు. 7.5 దగ్గర కళ్లు. 10.5 దగ్గర ముక్కు అడుగు. 12 దగ్గర పెదవుల మధ్య గీత. 15 గడ్డం. చెవి పైకొస కనుబొమ్మ దగ్గర, తమ్మె ముక్కు అడుగు దగ్గర.

కళ్ల గీతను ఐదు భాగాలు చేయండి, ఒక్కోటి 2 సెంటీమీటర్లు. అంచున ఉన్న రెండూ, నడుమ ఉన్నదీ ఖాళీ. మిగిలిన రెండిట్లో కళ్లు. అంటే రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటుంటుంది.

ఇక్కడే నూటికి తొంభై మంది తప్పుతారు. కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయంటే ఎవరూ నమ్మరు, నుదుటి దగ్గరికి జరిపేస్తారు. మనం మాట్లాడేటప్పుడు కళ్లూ నోరూ చూస్తాం, నుదురు, జుట్టు పట్టించుకోం, అందుకే వాటికి చోటు ఇవ్వం. నమ్మకపోతే ఇప్పుడే అద్దం ముందు నిలబడి, బొటనవేలు గడ్డం కింద, చూపుడువేలు కంటి మూల దగ్గర పెట్టుకోండి. అదే ఎడం చెదరకుండా, బొటనవేలు కంటి మూల దగ్గరికి వచ్చేలా చేతిని పైకి జరపండి. చూపుడువేలు నెత్తి దాకా వస్తుంది. మా తాత బొమ్మలో జరిగిన మొదటి తప్పు ఇదే. నుదురు లేని తాతను గీశాను.

3. మీ మనిషికి తగ్గట్టు జరపండి. పై కొలతలతో గీస్తే ఒక మనిషి వస్తాడు, మీ మనిషి రాడు. ఇప్పుడు ఫొటో తీసుకుని అందులో కన్ను వెడల్పును పెన్సిల్ మీద గోరుతో పట్టుకోండి. అదే మీ కొలబద్ద. కళ్ల మధ్య ఎడం ఒక కన్నుకంటే ఎక్కువా, తక్కువా? ముక్కు వెడల్పు కళ్ల లోపలి మూలల మధ్యే సరిపోయిందా, దాటిందా? ముక్కు అడుగు నుంచి పై పెదవికి ఎంత? నోటి కొసలు కంటిపాపల కిందికి వచ్చాయా, ఇవతలే ఆగాయా? గడ్డం పొట్టిదా, పొడుగా? తేడా ఉన్న ప్రతిచోటా గీత జరపండి. మిల్లీమీటరు తేడాను కూడా చిన్నచూపు చూడొద్దు. మన వాళ్లలో ముక్కు పుటాలు కళ్ల లోపలి మూలలు దాటి కొంచెం బయటికి ఉండడం మామూలే. పుస్తకం కొలతకు కట్టుబడి సన్నగా గీశారంటే పోలిక అక్కడే పోతుంది.

ఎదురుగా కూర్చున్న మనిషిని గీస్తుంటే చెయ్యి పూర్తిగా చాపి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి పెన్సిల్‌తో కొలవండి. మోచెయ్యి వంగితే ప్రతిసారీ కొలత మారిపోతుంది.

చిన్నపిల్లల ముఖానికి కళ్లు సగం కంటే కిందికి ఉంటాయి, నుదురే ముఖమంతా. ఈ ఒక్కటి మర్చిపోతే మూడేళ్ల పాప ముప్ఫై ఏళ్ల పొట్టి మనిషిలా కనిపిస్తుంది. ముసలివాళ్లకు పెదవులు సన్నబడతాయి, చెవులు సాగుతాయి, ముక్కు కొస కిందికి దిగుతుంది.

కొలతలు ఎంతకీ కుదరనివాళ్లకు ఇంకో దారి, గళ్లు కొట్టడం. చిన్నప్పుడు మా బజారులో సైన్‌బోర్డులు రాసే పెద్దాయన దగ్గర సున్నం డబ్బాలు పట్టుకుని తిరిగేవాణ్ణి. ఆయన అరచేతంత ఫొటో నుంచి గోడంత ముఖం ఇలాగే దించేవాడు. నాలుగంగుళాల వెడల్పు, ఐదంగుళాల ఎత్తు ప్రింటు తీసుకుని, అరంగుళం గళ్లు కొట్టండి. అడ్డంగా 8, నిలువుగా 10, మొత్తం 80 గళ్లు. ఏ4 కాగితం మీద అంగుళం గళ్లు అన్నే కొట్టండి, సరిగ్గా పడతాయి. ఇక ముఖం సంగతి మర్చిపోయి ఒక్కో గడిలో ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ బయటికి పోయిందో అది మాత్రమే దించండి. ప్రింటు పాడవకూడదనుకుంటే దాని మీద పారదర్శక ప్లాస్టిక్ షీటు పెట్టి, షీటు మీద మార్కర్‌తో గళ్లు కొట్టుకోండి. గళ్లు కొట్టడం దొంగతనం అనేవాళ్లుంటారు, పట్టించుకోకండి. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. కాగితం మీద గళ్లు గట్టిగా నొక్కి గీశారంటే రబ్బరుతో చెరిపినా గాడి మిగులుతుంది, రంగు వేశాక చెంప మీద తెల్ల గీతల్లా తేలుతుంది.

4. పక్కకు తిరిగిన ముఖం. నిలువు గీత ముక్కు వైపు విల్లులా వంగుతుంది. అవతలి కన్ను సన్నబడుతుంది. మొదటి నెల దీని జోలికి పోకండి.

5. కళ్లు. పిల్లలు కంటిని చేప ఆకారంలో గీసి నడుమ చుక్క పెడతారు. కనుగుడ్డు బంతి, రెప్పలు దాని మీద కప్పిన బట్ట అనుకుంటే చెయ్యి దానంతటదే వంగుతుంది. ముందు రెండు మూలలకు చుక్కలు పెట్టండి. చాలామందికి బయటి మూల లోపలి మూల కంటే వెంట్రుకవాసి ఎత్తులో ఉంటుంది. పై రెప్ప శిఖరం ముక్కు వైపుకు, కింది రెప్ప లోతు చెవి వైపుకు ఉంటాయి. రెండూ సరిగ్గా నడుమ పెడితే కన్ను బొమ్మరిల్లు కిటికీలా తయారవుతుంది.

నల్లగుడ్డు పూర్తి వృత్తం కనిపించకూడదు. పై రెప్ప దాన్ని కొంచెం కప్పుతుంది, కింది రెప్ప తాకీ తాకనట్టు ఉంటుంది. మొత్తం కనిపించేలా గీస్తే మనిషి దెయ్యాన్ని చూసినట్టుంటాడు. పెళ్లి ఫొటోల నుంచి గీసే బొమ్మల్లో ఈ తప్పు ఎక్కువగా చూస్తుంటాను.

తెల్లగుడ్డు తెల్లగా వదిలేయకండి. పై రెప్ప నీడ దాని మీద సన్నటి పట్టీలా పడుతుంది, ఆ నీడ గీసేసరికి కన్ను గుంటలోకి వెళ్లి కూర్చుంటుంది. కింది రెప్పకు గోరంచు అంత మందం ఉంటుంది, అక్కడ తడి మెరుస్తుంది, అది తేలిగ్గా వదలండి. మెరుపు చుక్క ఒక్కటే, రెండు కళ్లలోనూ ఒకే వైపు. రబ్బరుతో తర్వాత తీద్దాం అనుకోకండి, మొదటి నుంచే కాగితం వదిలి పెట్టుకోండి. రెప్ప వెంట్రుకలు అన్నిటికంటే చివర, అదీ గుప్పెడు. దువ్వెన పళ్లలా వరుసగా గీస్తే పని చెడుతుంది.

6. ముక్కు. ముక్కుకు అవుట్‌లైన్ లేదు. రెండు పక్కలా రెండు నిలువు గీతలు గీశారంటే అది గొట్టం అవుతుంది. కొసకు ఒక ఉండ, పక్కల రెండు చిన్న ఉండలు తేలిగ్గా గీసుకుని, నీడ పడే వైపు మాత్రమే దూలం పక్కన షేడ్ వేయండి. ముక్కు అడుగుభాగం అంతా నీడే. పుటాలు నల్లటి చుక్కలు కావు, పొడుగ్గా, కొంచెం వాలుగా ఉంటాయి. ముక్కుపుడక ఉంటే దాని చోటు ముందే ఖాళీగా వదిలేసి, చుట్టూ నీడ వేయండి. చివర్లో తెల్ల రంగు పెడదామంటే పెన్సిల్ మీద నిలవదు.

7. నోరు. పెదవుల అంచులు తర్వాత, ముందు రెండు పెదవులు కలిసే గీత. మనిషి నవ్వుతున్నాడా, విసుక్కుంటున్నాడా అన్నది ఆ ఒక్క గీతే చెప్తుంది. అది ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ తెగిపోయినట్టుందో చూసి గీయండి. వెలుతురు పైనుంచి పడితే పై పెదవి నీడలో, కింది పెదవి వెలుగులో, దాని కింద మళ్లీ చిన్న నీడ. పెదవి చుట్టూ గీత గీస్తే లిప్‌స్టిక్ వేసినట్టుంటుంది, మగవాళ్లకైతే నాటకం వేషమే.

పళ్లు కనిపిస్తుంటే ఒక్కో పంటి మధ్య గీత గీయొద్దు. చిగుళ్ల దగ్గర చిన్న మూలలు, కింద అంచు చూపితే చాలు. మూలలకు పోయేకొద్దీ పళ్లు నీడలోకి వెళ్లాలి. నవ్వే ముఖం కష్టం. వీలైతే నోరు మూసుకున్న ఫొటోతోనే మొదలుపెట్టండి.

8. జుట్టు. గుడ్డుకు అంటించినట్టు కాకుండా దాని మీద వేలెడు మందాన లేచి ఉండాలి. మొదట ముద్దగా నీడ, తర్వాత పాయలు, చివర్లో నాలుగు వెంట్రుకలు. నుదుటి దగ్గర గీత గీసినట్టు మొదలైతే విగ్గు.

9. షేడింగ్. కాగితం పక్కన ఐదు గళ్ల పట్టీ గీసుకుని, మొదటిది ఖాళీ, ఐదోది 6బీతో ఎంత నల్లగా వస్తే అంత, నడుమ మూడు మెట్లు నింపుకోండి. ఇప్పుడు ఫొటోను కళ్లు సగం మూసి చూడండి. చిన్న చిన్న వివరాలు పోయి, వెలుగూ నీడా పెద్ద ముక్కలుగా కనిపిస్తాయి. ఆ ముక్కలు ముందు వేయండి.

కొత్తవాళ్లందరికీ ఒకే భయం, నల్లగా అయిపోతుందేమోనని. ఆ భయంతో బొమ్మంతా రెండో మెట్టులోనే ఆగిపోతుంది, ముఖం పొగమంచులో ఉన్నట్టుంటుంది. దీనికి మందు, చీకటి చోట్లు ముందే తేల్చేయడం. పై రెప్ప గీత, ముక్కుపుటాలు, నోటి మూలలు, గడ్డం కింద మెడ. ఇవి నాలుగో మెట్టుకు తీసుకెళ్లండి. తర్వాత మిగతావన్నీ వీటితో పోల్చి చూసుకోవచ్చు. కలపడానికి వేలు వాడొద్దు, వేలి జిడ్డు మచ్చ పడుతుంది. ఇయర్‌బడ్ వాడండి, అది కూడా తక్కువగా.

10. రంగుకు ముందు పరీక్ష. ఇది దాటకుండా రంగు డబ్బా తెరవొద్దు. బొమ్మను అద్దంలో చూడండి. ఒక కన్ను జారడం, గడ్డం పక్కకు పోవడం చప్పున తెలుస్తాయి. మన కన్ను ఆ వంకరకు అలవాటు పడి ఉంటుంది, అద్దం తిప్పేసరికి అలవాటు చెదురుతుంది. తర్వాత బొమ్మనూ ఫొటోనూ తలకిందులుగా పక్కపక్కన పెట్టండి. అప్పుడు అది మనిషిలా కనిపించదు, ఆకారాలు మాత్రమే కనిపిస్తాయి, దూరాల తేడా బయటపడుతుంది. చివరగా బొమ్మను ఫోన్లో తీసి, బొటనవేలంత చిన్నది చేసి చూడండి. అంత చిన్నదాంట్లోనూ మనిషి తెలిస్తే రంగుకు వెళ్లొచ్చు.

తప్పు దొరికితే కన్నంతా చెరిపేయకండి. ఏ దూరం తప్పిందో ముందు కొలవండి. పదిసార్లలో ఏడుసార్లు కన్ను బాగానే ఉంటుంది, ఉన్న చోటే తప్పు.

రంగు

11. చాలా డబ్బాల్లో లేత గులాబీ పెన్సిల్ ఒకటుంటుంది. పిల్లలు దాన్ని స్కిన్ కలర్ అంటారు. ఎవరి స్కినో తెలియదు. దాన్ని మీ ముంజేతి పక్కన పెట్టి చూడండి, నెల్లూరు ఎండలో తిరిగే ఏ చెయ్యీ ఆ రంగులో ఉండదు. రంగు వేయగానే బొమ్మ పాడవడానికి మొదటి కారణం ఆ పెన్సిలే. పక్కన పడేయండి.

గ్రాఫైట్ మీద నేరుగా రంగు వేస్తే మురికిగా కలుస్తుంది. అందుకని పుట్టీ రబ్బరుతో బొమ్మంతా అద్ది, గీతలు కనీ కనపడనంత తేలిక చేయండి. లేదా బొమ్మను కిటికీ అద్దానికి ఆనించి కొత్త కాగితం మీద గీతల వరకు దించుకోండి. నేనైతే రెండోదే చేస్తాను. రంగు పాడైనా పెన్సిల్ బొమ్మ మిగులుతుంది.

మొదటి పూత యెల్లో ఆకర్, అదే మట్టిపసుపు. మెరిసే చోట్లు వదిలి ముఖమంతా తేలిగ్గా. రెండోది ఎర్రమట్టి రంగు బ్రౌన్, వెలుగు చోట తక్కువ, నీడ చోట ఎక్కువ. మూడోది ఎరుపు, కాగితానికి తగిలీ తగలనట్టు, ముక్కు కొస, చెంపలు, చెవుల మీద మాత్రమే. ముఖంలో నుదురు కాస్త పసుపు వైపు, నడుమ భాగం ఎరుపు వైపు, మగవాళ్ల దవడ గడ్డం గీసుకున్న చోట నీలి బూడిద వైపు ఉంటాయి. ఒక్కసారి ఇది తెలిశాక బస్సులో ఎదుటివాళ్ల ముఖాలు చూడకుండా ఉండలేరు. నాలుగోది ముదురు బ్రౌన్, నీడల్లో. దాని మీద ముదురు నీలం గానీ ఊదా గానీ పల్చగా. చివర మళ్లీ మట్టిపసుపుతో అన్నీ కలిసేలా ఒక పూత.

చామనఛాయకు రెండో పూత ఇంకోసారి వేయండి. నల్లటి మేనికి మొదటి పూతే బ్రౌన్‌తో మొదలుపెట్టి, నీడలకు ముదురు బ్రౌన్, నీలం, ఊదా పెంచండి. ఆరుబయట వెలుతురులో నల్లటి నుదుటి మీద మెరుపు లేత నీలంగా ఉంటుంది, ఆకాశం అక్కడ కనిపిస్తోందన్నమాట. అది పట్టుకుంటే బొమ్మ లేచి కూర్చుంటుంది.

నల్ల పెన్సిల్ చర్మం మీద వాడొద్దు, బొగ్గు పూసినట్టవుతుంది. చీమకుర్తి గ్రానైట్ నల్లరాయే అంటాం గదా, పాలిష్ చేసిన పలక దగ్గరికెళ్లి చూస్తే అందులో బంగారు రంగు చుక్కలెన్నో. మనిషి నలుపు కూడా అంతే, దాంట్లో ఎరుపుంటుంది, నీలముంటుంది. జుట్టు కూడా ముదురు నీలం, ముదురు బ్రౌన్ కలిపి, మరీ చీకటి పాయల్లోనే నలుపు వాడండి.

"కొంచెం తెల్లగా వేయండి సార్" అని బొమ్మ చేయించుకునేవాళ్లు అడుగుతారు, ముఖ్యంగా పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లవాళ్లు. రంగు ఒక మెట్టు తేలిక చేస్తే నీడలన్నీ ఒక మెట్టు తగ్గించాలి, అప్పుడు ముక్కు ఎత్తు తగ్గినట్టుంటుంది, దవడ పోతుంది. ఒకసారి అలా చేసి ఇస్తే, వాళ్లే వచ్చి పోలిక రాలేదన్నారు. అప్పటి నుంచి వద్దనేస్తున్నాను.

నొక్కి వేయకండి. రంగు పెన్సిల్లో మైనం ఉంటుంది, గట్టిగా నొక్కితే కాగితం మెరుగెక్కి తర్వాతి రంగును తోసేస్తుంది. మొన ఎప్పుడూ పదునుగా ఉండాలి, ఐదారు పూతలు పట్టాలి. ఒక చెంపకు అరగంట పట్టిందంటే సరిగ్గా చేస్తున్నట్టే. పైకి కాగితం చుక్కలు చుక్కలుగా తెల్లగా కనిపిస్తుంటే ఇంకో పూత పడుతుంది, నొక్కాల్సిన పని లేదు.

పెదవులకు నేరుగా ఎరుపు వద్దు. ముఖానికి వేసిన రంగే వేసి, దాని మీద కొంచెం ఎరుపు, పై పెదవికి కొంచెం ఊదా. తెల్లచొక్కా వేసుకున్న మనిషికి గడ్డం కింద నీడలో చొక్కా వెలుగు తిరిగి పడుతుంది, అక్కడ నీడ కాస్త తేలిక చేయండి. పసుపు చీరయితే ఆ వెలుగు పసుపుగా ఉంటుంది. చీర అంటే గుర్తొచ్చింది, వెంకటగిరి చీర కట్టుకున్న అమ్మను గీస్తూ జరీ అంచు పోగు పోగునా దిద్దకండి. కళ్లు అటే పోతాయి. ముఖానికి దగ్గరున్న జానెడు అంచు చూపి మిగతాది వదిలేయండి.

12. నీళ్ల రంగులు వాడతానంటే కనీసం 200 జీఎస్‌ఎం కాగితం కావాలి, పల్చటిది తడికి ముడుచుకుంటుంది. రంగుల వరస ఇదే, లేతది ముందు, ముదురు తర్వాత. ప్రతి పూతా పూర్తిగా ఆరాకే రెండోది. ఆరిందో లేదో చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడే. రోహిణి కార్తెలో రంగు కుంచె తీసేలోపే ఆరిపోయి అంచు గీతలు పడతాయి, అప్పుడు ఫ్యాను ఆపి, ముందు చెంపను మంచినీళ్లతో తడిపి రంగు వేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, అప్పుడు గంటైనా ఆరదు. తొందరపడి రెండో పూత వేస్తే మొదటిది లేచి బురదవుతుంది. వాన రోజు రంగు పెన్సిల్ పని పెట్టుకోండి. కాగితాలు కూడా చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ కవర్లో ఉంచండి.

ఎంత ప్రాక్టీస్

రోజుకో పెద్ద బొమ్మ కంటే రోజుకు పది చిన్న తలలు మేలు. ఒక్కోదానికి రెండు నిమిషాలు, గుడ్డు, అడ్డగీతలు, నీడ ముక్కలు, అంతే. బస్టాండులో బస్సు కోసం కూర్చున్నవాళ్లు మంచి మోడల్స్, కదలకుండా ఫోన్ చూస్తుంటారు. ఆడవాళ్లను గీసేటప్పుడు అడిగి గీయండి. పిల్లలైతే వాళ్లే వచ్చి భుజం మీంచి తొంగి చూసి "నాది గీయన్నా" అంటారు. ప్రతి కాగితం మీద తేదీ వేయండి, చింపేయకండి.

పూర్తయిన బొమ్మను ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికి బొమ్మ అంటకుండా మౌంటు, అంటే బొమ్మ చుట్టూ అట్ట చట్రం, వేయించండి. మన చెమ్మకు అద్దానికి రంగు పట్టేస్తుంది. ఎండ నేరుగా పడే గోడ వద్దు.

ఇక ఆఖరి పరీక్ష. బొమ్మ చేతికిచ్చి ఎలా ఉందని అడగొద్దు, మర్యాదకు బాగుందంటారు. ఎవరిదో చెప్పుకోమని కూడా అడగొద్దు, ఆలోచించి చెప్పేస్తారు. ఫ్రిజ్ మీదో టీవీ పక్కనో నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు ఊరుకోండి. ఇంట్లో నాలుగైదేళ్ల పిల్లలుంటే ఇంకా మంచిది, వాళ్లకు మర్యాదలు తెలియవు. అటు పోతూ పోతూ "తాత!" అన్నారా, కుదిరింది. ఏమీ అనకుండా పోయారంటే బొమ్మ దించి, స్కేలు తీసి, కళ్ల గీత దగ్గర నుంచి మళ్లీ కొలవండి.